చిన్న చేతులు.. పెద్ద దొంగలు

*పాత లండన్ వీధుల్లో జేబులు కొట్టిన పిల్లలు సాహస కథల్లో కథానాయకులయ్యారు. ఆ పిల్లల చేత దొంగతనం చేయించి సొమ్ము చేసుకున్న పెద్దల సంగతేంటి?*

గోడకు కొట్టిన మేకుకు ఓ పొడుగు కోటు వేలాడుతోంది. దానికి చిన్న గంట కట్టారు. జేబులోంచి పట్టు రుమాలు కొస అంగుళం మేర బయటికి కనిపిస్తోంది. ఎనిమిదేళ్ల కుర్రాడొకడు దాని వెనక నిలబడి ఊపిరి బిగబట్టాడు. చూపుడు వేలు, నడిమి వేలు కత్తెరలా చాచి రుమాలు కొసను పట్టుకున్నాడు. లాగడు, జారనిస్తాడు. గంట మోగకూడదు. మోగిందంటే మళ్లీ మొదటికే. రుమాలు చేతికొచ్చినా గంట మోగకపోతే వాడు ఆ పాఠం గట్టెక్కినట్టు. ఆ తర్వాత కోటు మేకు మీద ఉండదు. నేర్పేవాడే దాన్ని తొడుక్కుని గదిలో అటూ ఇటూ తిరుగుతుంటాడు.

19వ శతాబ్దం మధ్యలో లండన్ పేదవాడల్లో జేబులు కొట్టడం ఇలా నేర్పేవారు. హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత నగరంలోని పేదల బతుకుల మీద తెచ్చిన బృహత్ గ్రంథం నాలుగో సంపుటంలో, దొంగల గురించి రాసిన జాన్ బిన్నీ ఈ శిక్షణను నమోదు చేశాడు. చార్లెస్ డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్' నవలలో ఫేగిన్ అనే ముసలివాడు ఇదే పాఠాన్ని పిల్లలతో ఆటలా ఆడిస్తాడు. ఆ ఆటలో అందరికన్నా చురుకైన కుర్రాడి పేరు జాక్ డాకిన్స్. ముద్దుపేరు ఆర్ట్‌ఫుల్ డాడ్జర్.

ఇప్పుడు ఆ కుర్రాడి మాట మళ్లీ వినబడుతోంది. నవలలో ద్వీపాంతరం పోయిన డాడ్జర్ ఆస్ట్రేలియాలో పెరిగి పెద్దవాడై శస్త్రవైద్యుడయ్యాడన్న ఊహతో 2023లో ఓటీటీలో ఓ సిరీస్ వచ్చింది. చిన్నప్పుడు జేబులు కొట్టిన వేళ్లే అందులో కత్తి పట్టి ప్రాణాలు నిలబెడతాయి. అది చూసిన పిల్లలు ఇంట్లో అడిగే ప్రశ్న ఒక్కటే: అలాంటి పిల్లలు నిజంగా ఉండేవాళ్లా?

ఉండేవాళ్లు, వేల సంఖ్యలో. వాళ్ల పేర్లు, వయసులు, దొంగిలించిన వస్తువులు కోర్టు రికార్డుల్లో ఇప్పటికీ చదువుకోవచ్చు. ఆ రికార్డులు, వాటి చుట్టూ అల్లిన నవలలు పక్కపక్కన పెట్టుకుని చదివితే ఓ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. బోనులో నిలబడ్డది ఎక్కువగా పిల్లలు. లాభం తిన్నది ఎక్కువగా పెద్దలు. వీధిపిల్లల సాహస కథల్లో మంచివి ఈ నిజాన్ని దాచలేదు. అందుకే వాటిని మన పిల్లల చేతుల్లో పెట్టాలంటాను.

చదువు రాని దొంగ, చేతిలో కాగితం

లియోన్ గార్‌ఫీల్డ్ 1967లో 'స్మిత్' అనే నవల రాశాడు. పిల్లల చారిత్రక సాహస కథల్లో నాకు దీన్ని మించింది లేదు. కాలం 18వ శతాబ్దం. చోటు లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చి చుట్టుపక్కల సందులు. స్మిత్‌కి పన్నెండేళ్లు. వాడికి పేరులో ఉన్నది ఆ ఒక్క ముక్కే. ఒంటి మీద సబ్బు పడి ఎన్నేళ్లయిందో వాడికే తెలియదు. పరుగు మాత్రం గాలికన్నా వేగం.

ఓ రోజు తోవ తెలియక తడబడుతున్న ఓ ముసలాయన జేబు కొడతాడు. కొట్టి, పక్కన గుమ్మంలో నక్కుతాడు. మరుక్షణం గోధుమరంగు దుస్తుల్లో ఇద్దరు వచ్చి ఆ ముసలాయన్ని పొడిచి చంపేస్తారు. ఆయన జేబులన్నీ తడుముతారు. వాళ్లకు కావలసింది దొరకదు. అది స్మిత్ చేతిలో ఉంది. డబ్బు కాదు, నగ కాదు, ఓ కాగితం. దాని కోసం హత్య చేసినవాళ్లు ఇప్పుడు వాడి వెంటపడతారు.

ఇక్కడే గార్‌ఫీల్డ్ గొప్ప మెలిక పెట్టాడు. స్మిత్‌కి చదవడం రాదు. తన ప్రాణం మీదికి తెచ్చిన కాగితంలో ఏముందో వాడికి తెలియదు. ఎవరికైనా చూపిస్తే వాళ్లే కాజేస్తారేమోనన్న భయం. కాబట్టి వాడికి మిగిలిన దారి ఒక్కటే, తనే చదువు నేర్చుకోవాలి. తెలిసినవాళ్లను ఒక్కొక్కరినీ బతిమాలతాడు, ఎవరూ నేర్పరు. చివరికి చీకట్లో దారితప్పిన ఓ గుడ్డి పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని ఇంటికి చేరుస్తాడు. ఆయన ఓ న్యాయాధికారి! జేబుదొంగ వెళ్లి న్యాయాధికారి ఇంట్లోనే తలదాచుకుంటాడు. ఆ ఇంట్లో వాడికి స్నానం చేయిస్తారు, ఆయన కూతురు అక్షరాలు దిద్దిస్తుంది. తర్వాత ఆ హత్య వాడి మీదే పడి, న్యూగేట్ జైలు దాకా వెళ్లాల్సి వస్తుంది. ముగింపు చెప్పను, చదివే పిల్లలకు వదిలేస్తాను.

ఈ కథలో నన్ను కట్టిపడేసేది పరుగులు, కత్తులు కాదు. అక్షరం రాకపోవడమనే లోటును రచయిత కథకు ఇరుసు చేశాడు. పేదరికం గురించి ఒక్క ఉపన్యాసం లేదు. చదువు రాని పిల్లాడు ఎంత నిస్సహాయుడో పదేళ్ల పాఠకుడికి కూడా గుండెలో గుచ్చుకుంటుంది.

---

నిజంగానే ఉన్న గుడ్డి న్యాయాధికారి

18వ శతాబ్దపు లండన్‌లో సర్ జాన్ ఫీల్డింగ్ అనే న్యాయాధికారి ఉండేవాడు. యువకుడిగా ఉన్నప్పుడే చూపు పోయింది. నవలాకారుడు హెన్రీ ఫీల్డింగ్‌కు ఈయన సవతి తమ్ముడు. బో స్ట్రీట్ న్యాయస్థానంలో అన్న తర్వాత ఆ బాధ్యత చేపట్టాడు. గొంతు విని దాదాపు 3,000 మంది దొంగలను గుర్తుపట్టేవాడని అప్పట్లో చెప్పుకునేవారు. వీధిపిల్లలను జైలుకు పంపేకన్నా నౌకల్లో పనికి పంపడం మేలని నమ్మి, 1756లో ఏర్పడ్డ మెరైన్ సొసైటీకి చేయూతనిచ్చాడు.

---

ఓ రుమాలు ప్రయాణం

ఇంతకీ రుమాళ్లే ఎందుకు? అప్పటి పట్టు రుమాలు ఖరీదైన వస్తువు. మగవాళ్ల కోటు తోకలో జేబు ఉండేది. అది వెనక ఉండటంతో తీస్తే తెలిసేది కాదు. వస్తువు తేలిక, అమ్మడం తేలిక.

ఆ రుమాళ్లలో చాలా వాటి పుట్టిల్లు మన దేశమే. చుక్కల అద్దకంతో బందనాలనే పట్టు రుమాళ్లు బెంగాల్ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో లండన్ చేరేవి. స్థానిక నేతగాళ్లను కాపాడాలని భారతీయ పట్టుబట్టల వాడకాన్ని ఇంగ్లండ్ 1701 నుంచి నిషేధించింది. ఆ నిషేధం 1826 దాకా సాగింది. అయినా దొంగచాటుగా వచ్చిన రుమాళ్లు పెద్దమనుషుల జేబుల్లో ఉండనే ఉన్నాయి. మన పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న రేవు పేరు మీద గళ్ల నూలు రుమాళ్లు కూడా ఇంగ్లండ్‌లో వాడుకలో ఉండేవి. వాటికి అక్కడి మిల్లులు నకళ్లు నేశాయి కూడా. బెంగాల్‌లో ఎవరో అద్దిన రుమాలు లండన్‌లో ఎవరి జేబులోంచో ఎగిరి, ఓ పిల్లాడి మెడకు చుట్టుకునేదన్న మాట.

కొట్టేసిన రుమాలు తర్వాత ఎక్కడికి పోయేది? హోబర్న్ దగ్గర ఫీల్డ్ లేన్ అనే ఇరుకు సందు ఉండేది. అక్కడి దుకాణాల గుమ్మాలకు, కిటికీలకు రంగురంగుల రుమాళ్లు గుత్తులుగా వేలాడేవి. వాటిలో అధిక భాగం చోరసొత్తేనని ఊరందరికీ తెలుసు. రుమాలు అంచున యజమాని పేరులోని అక్షరాలు దారంతో కుట్టి ఉంటాయి కదా. ఫేగిన్ ఇంట్లో ఆలివర్‌కు అప్పగించాలనుకున్న మొదటి పనుల్లో ఒకటి ఆ అక్షరాల కుట్టును సూదితో విప్పదీయడం. దారం ఊడిందంటే ఇక ఆ రుమాలు ఎవరిదో చెప్పేవాడు లేడు. పొద్దున జేబులోంచి పోయిన రుమాలు సాయంత్రానికి దుకాణంలో వేలాడుతుంటే, అది తనదేనని యజమాని కూడా నిరూపించుకోలేడు.

పిల్లాడికి దక్కేది కొద్ది పెన్నీలు, పడుకోవడానికింత చోటు. మిగతాదంతా కొన్నవాడిది. దొరికినప్పుడు రుమాలు ఉండేది పిల్లాడి చేతిలో కాబట్టి నేరం వాడి మీద తేలిగ్గా రుజువవుతుంది. కొన్నవాడిని శిక్షించాలంటే అది దొంగసొత్తని తెలిసే కొన్నాడని నిరూపించాలి. తెలియదని తల అడ్డంగా ఊపితే చాలు.

చోరసొత్తు మీద పెద్దలు నడిపిన ఈ దందాను తారస్థాయికి తీసుకెళ్లినవాడు జొనాథన్ వైల్డ్. 18వ శతాబ్దం మొదట్లో అతను దొంగల ముఠాలు నడిపాడు. పోయిన వస్తువులను వెతికి తెచ్చానంటూ సొంతదారులకే అమ్మి డబ్బు తీసుకున్నాడు. మాట వినని దొంగలను తనే పట్టించి ప్రభుత్వం దగ్గర బహుమతి సొమ్ము కూడా అందుకున్నాడు. దొంగలను పట్టే మొనగాడిగా ఊరేగాడు. 1725 మేలో టైబర్న్‌లో ఉరికంబం ఎక్కేదాకా అతని ఆట సాగింది.

వీధిన పడ్డదెలా?

1801లో లండన్ జనాభా దాదాపు 10 లక్షలు. 1851కి 23 లక్షలు దాటింది. పల్లెల నుంచి, ఐర్లండ్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లతో ఒక్కో గదిలో రెండు మూడు కుటుంబాలు కాపురం ఉండేవి. కలరా వచ్చినా, తండ్రి రేవులో కాలు విరిగి మంచాన పడ్డా, ఆ మర్నాటి నుంచి పిల్లలే సంపాదించాలి. 1834లో వచ్చిన కొత్త పేదల చట్టం సాయం కోరినవాళ్లను వర్క్‌హౌస్ అనే పేదల నివాసంలోకి రమ్మంది. అక్కడ భార్యను, భర్తను, పిల్లలను విడదీసి వేర్వేరు గదుల్లో ఉంచేవారు. బిడ్డను దూరం చేసుకోలేక ఆకలినే ఎంచుకున్న తల్లులెందరో. వర్క్‌హౌస్‌ నుంచి పారిపోయి వీధినే ఎంచుకున్న పిల్లలెందరో.

అందరూ దొంగలు కాలేదు. చాలామంది ఏదో ఒకటి అమ్ముకుని బతికారు. మేహ్యూ కలిసిన ఓ ఎనిమిదేళ్ల పాప ఆకుకూర అమ్మేది. తెల్లవారకముందే, నాలుగు ఐదు గంటల మధ్య, ఫారింగ్‌డన్ మార్కెట్‌కు వెళ్లి ఆకు కొని, కట్టలు కట్టి వీధులు తిరిగేది. రోజంతా తిరిగితే మిగిలేది మూడు నాలుగు పెన్నీలు. చలికాలంలో ఆమెకు పల్చటి గౌను, చిరిగిన శాలువా. మేహ్యూ ఆమెను పలకరిద్దామని బొమ్మల గురించి, పార్కుల గురించి అడిగాడు. పార్కుల్లోకి తనలాంటి వాళ్లను రానిస్తారా అని ఆమె ఎదురడిగింది. ఆకు బేరం విషయంలో మాత్రం తనను ఎవరూ మోసం చేయలేరని ధీమాగా చెప్పింది. పిల్లతో ఎలా మాట్లాడాలో తెలియక ఆ పత్రికా రచయిత ఇబ్బందిపడ్డాడు. ఆ పేజీ చదివిన ప్రతిసారీ నాకూ అదే ఇబ్బంది.

రోడ్లు ఊడ్చే పిల్లలు ఇంకో రకం. గుర్రపు పేడతో, బురదతో నిండిన కూడళ్లలో పెద్దమనుషులు దాటడానికి ముందు చీపురుతో దారి చేసేవారు. చిల్లర డబ్బు ఇచ్చేదాకా పల్టీలు కొడుతూ వెంట నడిచేవారు. సెయింట్ మార్టిన్స్ లేన్ దగ్గర అలాంటి ఓ పిల్లల జట్టుకు ఓ రాజు, ఓ కెప్టెన్ ఉండేవారు. పల్టీలలో మేటి రాజు. తగవులొస్తే తీర్పులు వాళ్లవే. మన కథకులకు ఇంతకన్నా పాత్రలు ఏం కావాలి?

పిల్లల నేరాలు పెరుగుతున్నాయని గగ్గోలు పుట్టి 1816లోనే ఓ కమిటీ నివేదిక ఇచ్చింది. తల్లిదండ్రుల నిర్లక్ష్యం, చదువు లేకపోవడం, పని దొరకకపోవడం, ఆదివారం చర్చికి రాకపోవడం, వీధుల్లో జూదం కారణాలని తేల్చింది. వాటితో పాటు చట్టం కఠినత్వాన్ని, జైళ్లలో పిల్లలను ముదురు నేరస్థులతో కలిపి ఉంచడాన్ని కూడా తప్పుపట్టింది. 1816లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

---

థేమ్స్ బురదలో ధరలు

నది ఆటు సమయంలో మోకాలి లోతు బురదలోకి దిగి ఏరుకునే పిల్లలను మడ్‌లార్క్‌లు అనేవారు. ఆరేడేళ్ల వాళ్లూ ఉండేవారు. మేహ్యూ రాసిపెట్టిన వాళ్ల రాబడి ఇదీ:

బొగ్గు: 14 పౌన్లకు ఒక పెన్నీ
పాత ఇనుము: 5 పౌన్లకు ఒక పెన్నీ
ఎముకలు: 3 పౌన్లకు ఒక పెన్నీ
రాగి మేకులు: పౌనుకు నాలుగు పెన్నీలు

రాగి మేకులు దొరకడం అరుదు. ఓడలకు రాగి రేకు తాపడం చేసేచోటికి ఈ పిల్లలను రానిచ్చేవారు కాదు. గాజుపెంకులు, మేకులు కాళ్లలో దిగితే కట్టు కట్టుకుని మళ్లీ దిగేవారు.

---

ఓ గౌను, ఓ టోపీ, ఓ మరణశిక్ష

1789 జనవరి 14. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు. బోనులో ఇద్దరు ఆడపిల్లలు, మేరీ వేడ్, జేన్ వైటింగ్. తమకన్నా చిన్నదైన ఎనిమిదేళ్ల పిల్లను దొడ్డిగదిలోకి తీసుకెళ్లి ఆమె ఒంటి మీది నూలు గౌను, భుజాల మీద కప్పుకునే గుడ్డ, టోపీ లాక్కున్నారని అభియోగం. మేరీ పగలు వీధులు ఊడుస్తూ, అడుక్కుంటూ బతికే పిల్ల. గౌను తాకట్టు దుకాణానికి చేరింది. దారి దోపిడీగా లెక్కగట్టి ఇద్దరికీ ఉరిశిక్ష వేశారు.

ఆ ఏడాది రాజు మూడో జార్జి జబ్బు నుంచి కోలుకున్నాడు. ఆ సంబరంలో మరణశిక్షలను ద్వీపాంతరంగా మార్చారు. మేరీ 'లేడీ జూలియానా' అనే ఓడ ఎక్కింది. ఓడ పట్టీలో ఆమె వయసు 11. దాదాపు 11 నెలల ప్రయాణం తర్వాత 1790 జూన్‌లో సిడ్నీ రేవు చేరింది. అక్కడ పెళ్లాడింది, పిల్లల్ని కన్నది, 1859 దాకా బతికింది. ఆమెకు 21 మంది సంతానమని చెబుతారు. ఆమె వంశంలో పుట్టినవాళ్లలో కెవిన్ రడ్ ఒకరు. ఆయన 2007లో ఆస్ట్రేలియా ప్రధానమంత్రి అయ్యారు.

అందరి కథలూ ఇలా ముగియలేదు. జాన్ హడ్సన్ అనే పొగగొట్టాలు తుడిచే పిల్లాడికి 1783లో ఏడేళ్ల శిక్ష పడింది. అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు. ఓ ఇంట్లో దూరి చొక్కా, పట్టు మేజోళ్లు, పిస్తోలు, ఆప్రాన్లు ఎత్తుకెళ్లాడన్నది నేరం. మసితో కూడిన కాలివేళ్ల గుర్తులు పట్టించాయి. 1788లో ఆస్ట్రేలియా చేరిన తొలి ఖైదీల నౌకాదళంలో వాడూ ఉన్నాడు. నార్‌ఫక్ దీవిలో ఓ రాత్రి వేళ దాటాక గుడిసె బయట కనిపించాడని 50 కొరడా దెబ్బలు కొట్టారు. ఆ తర్వాత రికార్డుల్లో వాడి పేరు లేదు.

టాస్మానియాలో పోర్ట్ ఆర్థర్ పక్కన పాయింట్ ప్యూయర్ అనే చోట 1834లో మగపిల్లలకు ప్రత్యేకంగా జైలు కట్టారు. 1849లో మూసేదాకా దాదాపు 3,000 మంది అక్కడ గడిపారు. తొమ్మిదేళ్ల వాళ్లు కూడా ఉన్నారు. చెప్పులు కుట్టడం, వడ్రంగం, రాయి చెక్కడం నేర్పేవారు. మాట వినకపోతే బెత్తం, చీకటి కొట్టు. పోర్ట్ ఆర్థర్‌లో శిథిలంగా నిలిచిన చర్చి రాళ్ల చెక్కడంలో ఆ పిల్లల చేతులు ఉన్నాయి.

పిల్లలను వరసపెట్టి ఉరితీశారన్న ప్రచారం ఒకటుంది. అది సరికాదు. 1801 నుంచి 1836 దాకా ఓల్డ్ బెయిలీలో 14 ఏళ్లలోపు వాళ్లు 103 మందికి మరణశిక్ష పడింది. ఒక్కదాన్నీ అమలు చేయలేదు. ఆ మాట తీర్పు విన్న రోజున బోనులో నిలబడ్డ పిల్లలకు తెలియదు కదా!

బూటుపాలిష్ డబ్బాల కుర్రాడు

1824లో డికెన్స్‌కు పన్నెండేళ్లు. అప్పు తీర్చలేక తండ్రి మార్షల్సీ జైల్లో పడ్డాడు. పిల్లాడిని హంగర్‌ఫర్డ్ మెట్ల దగ్గర నది ఒడ్డున బూటుపాలిష్ తయారు చేసేచోట పనిలో పెట్టారు. ఎలుకలు పరుగెత్తే పాత కట్టడం. డబ్బాలకు కాగితం కప్పి, దారం కట్టి, చీటీ అతికించడం వాడి పని. వారానికి ఆరేడు షిల్లింగులు.

దారం ముడి ఎలా వేయాలో నేర్పినవాడు బాబ్ ఫేగిన్ అనే కుర్రాడు. ఓ రోజు డికెన్స్‌కు కడుపులో నొప్పి వస్తే ఆ పిల్లాడే సీసాల్లో వేడినీళ్లు నింపి పక్కలో పెట్టి కాపు పెట్టాడు. జబ్బుపడ్డ వాణ్ని ఇంటిదాకా దిగబెడతానని బయల్దేరాడు కూడా. తండ్రి జైల్లో ఉన్నాడని చెప్పలేక డికెన్స్ ఎవరిదో ఇంటి గుమ్మం దగ్గర ఆగి, అదే మా ఇల్లని అబద్ధమాడాడు. ఇదంతా ఆయన బతికుండగా లోకానికి తెలియదు. 1870లో ఆయన పోయాక మిత్రుడు జాన్ ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్రతో బయటపడింది.

అంత మంచి నేస్తం పేరును పిల్లలను దొంగలుగా మార్చే ముసలివాడికి ఎందుకు పెట్టాడు? ఆ పిల్లాడి మంచితనమే తనను ఆ బురదలో శాశ్వతంగా ఉంచేస్తుందేమోనని భయపడ్డాడని విమర్శకులు అంటారు. నాకది నిజమనిపిస్తుంది. ఫేగిన్ కూడా ఆలివర్‌కు మొదట వేడి వేడిగా తిండి పెట్టినవాడే. లోకమంతా తరిమేసిన పిల్లాడిని దగ్గరకు తీసి అన్నం పెట్టేది దొంగే అయితే, ఆ పిల్లాడు ఎటు పోతాడు?

ఆ నవలలో ఓ తప్పు ఉంది, దాన్ని పిల్లలకు చెప్పి తీరాలి. ఫేగిన్‌ను డికెన్స్ పదే పదే 'యూదుడు' అనే పిలిచాడు. ఎలిజా డేవిస్ అనే యూదు మహిళ 1863లో ఆయనకు ఉత్తరం రాసి, ఇది మా జాతికి చేసిన అన్యాయమని నిలదీసింది. మొదట సమర్థించుకున్నా, తర్వాత అచ్చువేసిన ప్రతిలో ఆ ప్రస్తావనలు చాలా తీసేశాడు. తర్వాతి నవలలో మంచి యూదు పాత్రను సృష్టించాడు. పాఠకురాలి ఉత్తరం ఒక మహారచయిత చేత తన పుస్తకాన్ని దిద్దించింది.

వర్క్‌హౌస్ నీడ ఆ తరంతో పోలేదు. 1896లో ఏడేళ్ల పిల్లాడొకడు తల్లి, అన్నతో కలిసి దక్షిణ లండన్ వర్క్‌హౌస్‌లో చేరాడు. లోపలికి వెళ్లగానే తల్లిని వేరు చేశారు. ఆ పిల్లాడు చార్లీ చాప్లిన్. 1921లో ఆయన తీసిన 'ద కిడ్' సినిమాలో పిల్లాడు రాళ్లేసి కిటికీలు పగలగొడతాడు, వెనకాలే వచ్చి చాప్లిన్ అద్దాలు బిగిస్తాడు. మనం కడుపుబ్బ నవ్విన ఆ సన్నివేశం కూడా పిల్లాడి నేరం, పెద్దవాడి రాబడి మీద కట్టిందే.

చట్టం దారి మార్చుకుంది

1843లో డికెన్స్ ఫీల్డ్ లేన్‌లోని రాగెడ్ స్కూల్ చూడటానికి వెళ్లాడు. చింపిరి గుడ్డల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడి అది. రుమాళ్లు వేలాడే సందు ప్రాంతంలోనే ఉండేది. అక్కడ చూసిన దృశ్యం ఆయన్ని కుదిపేసింది. కొద్ది నెలలకే వచ్చిన 'ఎ క్రిస్మస్ కరోల్'లో ఆ ఛాయ కనిపిస్తుంది. 1866లో డబ్లిన్ నుంచి వైద్యం చదవడానికి వచ్చిన థామస్ బర్నార్డో కూడా అలాంటి బడిలోనే పాఠాలు చెప్పాడు. జిమ్ జార్విస్ అనే పిల్లాడు ఓ రాత్రి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఇంటి కప్పుల మీద ముడుచుకుని నిద్రపోతున్న పిల్లలను చూపించాడు. 1870లో బర్నార్డో మగపిల్లల వసతిగృహం తెరిచాడు. బర్లీ డోహర్టీ 1993లో ఆ జిమ్ కథనే 'స్ట్రీట్ చైల్డ్' నవలగా రాసింది. అయితే అదే బర్నార్డో పిల్లలను ముందు మాసిన గుడ్డల్లో, తర్వాత శుభ్రంగా చూపే ఫొటోలు కొన్ని కావాలని తీయించాడని 1877లో తేలింది. మంచిపని చేసేవాళ్లు కూడా పిల్లల దైన్యాన్ని సరుకు చేసుకోకూడదు.

చట్టాన్ని కదిలించిన మనిషి బ్రిస్టల్‌కు చెందిన మేరీ కార్పెంటర్. పిల్లలకు జైలు కాదు, బడి కావాలని పోరాడింది. 1854లో సంస్కరణ పాఠశాలల చట్టం వచ్చింది. రాజా రామ్మోహన్ రాయ్ ప్రభావంతో ఆమె మనసు మన దేశం వైపు మళ్లింది. 1866 నుంచి నాలుగుసార్లు వచ్చి బడులను, జైళ్లను చూసింది. 1876లో భారతదేశంలోనూ సంస్కరణ పాఠశాలల చట్టం చేశారు. 1920లో మద్రాసు పిల్లల చట్టం వచ్చింది. దేశంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

ఏడేళ్లలోపు పిల్లలు నేరం చేయలేరన్నది పాత ఇంగ్లండ్ న్యాయసూత్రం. ఆ ఏడేళ్ల గీతను ఇండియన్ పీనల్ కోడ్‌లో పెట్టారు. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోని 20వ సెక్షన్‌లో కూడా అదే ఉంది. ఇంగ్లండ్ మాత్రం 1963లో దాన్ని పదేళ్లకు పెంచుకుంది. మన 2015 బాలల న్యాయ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లకు వేరే దారి ఏర్పాటు చేసింది కాబట్టి ఆ పాత గీత భారం కొంత తగ్గింది. అందులో 83వ సెక్షన్ ఇంకా ముఖ్యం. పిల్లలను చట్టవిరుద్ధ పనులకు వాడుకునే పెద్దలకు ఏడేళ్ల వరకు కఠిన జైలు, ఐదు లక్షల రూపాయల జరిమానా. ఫేగిన్ నేరానికి చట్టంలో ఇంత సూటిగా పేరు పెట్టడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో వీధిపిల్లలను వెతికి కాపాడుతున్నారు. కాపాడిన పిల్లల లెక్కతో పాటు, వాళ్లను అక్కడ నిలబెట్టిన పెద్దల్లో ఎందరికి శిక్ష పడిందన్నదీ మనం అడగాలి.

మన పిల్లలకు మన కథ

సాహస కథల్లో వీధిపిల్లలు గెలుస్తారు. షెర్లాక్ హోమ్స్‌కు బేకర్ స్ట్రీట్ పిల్లల దండు ఉంది. 1887లో మొదటి నవలలోనే వచ్చారు. వాళ్ల నాయకుడు విగిన్స్. పోలీసులు వెళ్లలేని చోట్లకు వాళ్లు వెళ్తారు, ఎవరూ పట్టించుకోని పిల్లలు కాబట్టి అన్నీ వింటారు. హోమ్స్ వాళ్లకు కూలి ఇస్తాడు, రోజుకు తలో షిల్లింగు. పిల్లల పనికి విలువ కట్టిన ఆ చిన్న వివరం నాకెంతో ఇష్టం. డెబొరా హాప్‌కిన్సన్ 2013 నవల 'ద గ్రేట్ ట్రబుల్'లో బురదలో ఏరుకునే ఈల్ అనే కుర్రాడు, 1854 కలరా కాలంలో డాక్టర్ జాన్ స్నో వెంట తిరిగి, జబ్బు బావి నీళ్ల నుంచి వస్తోందని తేల్చడంలో సాయపడతాడు. టెర్రీ ప్రాచెట్ 2012లో 'డాడ్జర్' రాసి, దాన్ని మేహ్యూకే అంకితమిచ్చాడు.

ఈ పుస్తకాలు నేరాన్ని నేర్పుతాయని భయపడే తల్లిదండ్రులున్నారు. నేనలా అనుకోను. దొంగతనం ఎంత కష్టమో, ఆ కష్టం ఫలితం ఎవరి ఇంటికి చేరుతుందో ఇంత బాగా చెప్పే పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు. అయితే చారిత్రక కథ పేరుతో మురికిని ముచ్చటగా, ఆకలిని అందంగా చూపే పుస్తకాలూ వస్తున్నాయి. వాటిని పక్కన పెట్టాలి. పరీక్ష చాలా సులువు: కథలో పిల్లాడు కొట్టేసిన వస్తువును ఎవరు కొన్నారో రచయిత చెప్పాడా లేదా అన్నది చూడండి.

ఉన్నత పాఠశాల పిల్లలకు ఇంకో పని కూడా ఇవ్వొచ్చు. 1674 నుంచి 1913 వరకు ఓల్డ్ బెయిలీలో జరిగిన 1,97,000కు పైగా విచారణల రికార్డులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రుమాలు దొంగతనం కేసు ఒకటి తీసి, సాక్షి చెప్పినది, పిల్లాడు చెప్పుకున్నది, తీర్పు చదివించి, వాడి వైపు నుంచి కథ రాయమనండి.

తెలుగులో కూడా ఇలాంటి నవలలు రావాలి. మన చరిత్రలో అందుకు చోటు లేక కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ కొమ్మల మీద ఓ జేబుదొంగ పిల్లాడు, పక్క కొమ్మ మీద వాడు జేబు కొట్టిన పెద్దమనిషి ఉంటే ఎలా ఉంటుంది? 1876-78 కరవులో రాయలసీమ నుంచి మద్రాసుకు నడిచిన పిల్లలున్నారు. 1921లో చీరాల-పేరాల జనం మున్సిపల్ పన్నుకు నిరసనగా ఊరు ఖాళీ చేసి రామనగరులో గుడిసెలు వేసుకున్నప్పుడు, ఖాళీ ఇళ్ల మధ్య తిరిగిన పిల్లలు ఏం చూశారో, ఎవరి తాళాలు ఎవరు తీశారో రాయొచ్చు. ఆ పుస్తకం తెలుగులో ఎవరు రాసినా, మొదటి ప్రతి కొనేవాళ్లలో నేనుంటాను.